రెండు తీగల వయొలిన్ నుంచి గది తాళం దాకా: నథానియల్ ఆయర్స్, స్టీవ్ లోపెజ్ స్నేహం మీద ఒక కేస్ స్టడీ

వీధిలో బతుకుతూ తీవ్రమైన మానసిక వ్యాధితో ఉన్న మనిషికి దగ్గరవ్వాలనుకునే సోషల్ వర్కర్లకు, నైట్ షెల్టర్ సిబ్బందికి, స్వచ్ఛంద కార్యకర్తలకు పనికొచ్చేలా ఈ కేసును విప్పి రాస్తున్నాం. లాస్ ఏంజెలెస్ వీధుల్లో వయొలిన్ వాయించుకుంటూ బతికిన నథానియల్ ఆంథొనీ ఆయర్స్, లాస్ ఏంజెలెస్ టైమ్స్ కాలమిస్టు స్టీవ్ లోపెజ్‌ల స్నేహం గురించి ఇరవై ఏళ్ళుగా బహిరంగంగా నమోదైన సమాచారమే దీనికి ఆధారం.

చాలామంది ఈ కథను "స్నేహం ఒక మనిషిని బాగుచేసింది" అని చెప్పుకుంటారు. మేం చూసే తీరు వేరు. ఆయర్స్ గదిలోకి రావడానికి కారణం వాయిద్యాలను, సంగీత పాఠాలను ఎక్కడ ఉంచారన్న ఏర్పాటు. స్నేహం చేసిన పని ఇంకొకటి: ఆయన ఎన్నిసార్లు కాదన్నా, కోప్పడినా, మళ్ళీ మర్నాడు వచ్చి అడగడానికి ఒక మనిషి మిగిలి ఉన్నాడు. ఈ రెండు పనులను విడదీసి చూస్తేనే ఈ కేసు మరో చోట పనికొస్తుంది.

పూర్వ చరిత్ర

ఆయర్స్ 1951 జనవరి 31న ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్‌లో పుట్టారు. నేర్చుకున్నది డబుల్ బేస్, అంటే నిలబెట్టి వాయించే పెద్ద తంత్రీ వాయిద్యం. ఆ ప్రతిభతోనే న్యూయార్క్‌లోని జూలియార్డ్ సంగీత విద్యాలయంలో చేరారు. అక్కడి కొద్దిమంది నల్లజాతి విద్యార్థుల్లో ఆయన ఒకరు. మూడో ఏట మానసికంగా కుప్పకూలారు. స్కిజోఫ్రీనియా అని తేలింది. చదువు ఆగిపోయింది, క్లీవ్‌లాండ్‌లో తల్లి దగ్గరికి వచ్చేశారు. ఆ ఏళ్ళలో పాత తరం యాంటీసైకోటిక్ మందులు (భ్రమలను అదుపు చేసే మందులు), కరెంటు షాకు చికిత్స అన్నీ జరిగాయి. తల్లి 2000లో చనిపోయారు. తండ్రి లాస్ ఏంజెలెస్‌లో ఉన్నారన్న పొరపాటు నమ్మకంతో ఆయర్స్ అక్కడికి వెళ్ళి వీధిన పడ్డారు.

2005 నాటికి వ్యాధి మొదలై మూడు దశాబ్దాలు, ఇల్లు పోయి నాలుగైదేళ్ళు. అంతకుముందు ఆయన్ను ఇంట్లో నిలబెట్టింది తల్లి ఒక్కరే. సంరక్షకురాలు పోయిన తర్వాతే వీధి మొదలైంది. మన షెల్టర్లకు వచ్చేవారి చరిత్ర తీసుకునేటప్పుడు "ఎప్పటి నుంచి జబ్బు?" అన్న ప్రశ్న ఎవరైనా అడుగుతారు. "మిమ్మల్ని చూసుకున్నవారు ఎప్పుడు పోయారు?" అన్నదాన్ని చాలా ఫారాల్లో అడగరు. అడిగి రాసుకోవాలి.

పరిచయం

2005 మొదట్లో డౌన్‌టౌన్‌లోని పెర్షింగ్ స్క్వేర్‌లో, బీథోవెన్ విగ్రహం దగ్గర, రెండే తీగలున్న వయొలిన్ వాయిస్తున్న మనిషి లోపెజ్ కంటబడ్డారు. పక్కన సామానంతా ఎక్కించిన షాపింగ్ ట్రాలీ. వయొలిన్‌కు నాలుగు తీగలుంటాయి. రెండు తెగితే స్వరాల విస్తృతి బాగా తగ్గుతుంది. ఉన్న రెండింటి మీదే పై స్థానాలకు చెయ్యి జరుపుతూ వాయించాలి. అలా వాయించగలిగారంటేనే ఆ చేతికి చిన్నప్పటి నుంచి శిక్షణ ఉందని తెలిసినవాళ్ళకు అర్థమవుతుంది. పైగా ఆయన చదివిన వాయిద్యం వయొలిన్ కాదు, అది సొంతంగా పట్టుబడినది.

మాటల మధ్యలో ఆయన జూలియార్డ్ పేరు చెప్పారు. విద్యాలయాన్ని అడిగితే మొదట రికార్డు లేదన్నారు, తర్వాత వెతికి ఉందన్నారు. తీవ్ర మానసిక వ్యాధి ఉన్నవారు తమ గురించి గొప్పగా ఏదైనా చెబితే దాన్ని భ్రమ అని రాసి పక్కన పెట్టేసే అలవాటు మన రంగంలో బలంగా ఉంది. ఆయర్స్ మాటల్లో భ్రమలూ ఉన్నాయి, నిజాలూ ఉన్నాయి, ఒకే వాక్యంలో రెండూ ఉన్నాయి. అందుకే చెప్పినదాన్ని చెప్పినట్టే రాసుకుని, తేదీ వేసి, ఒక్కొక్కటిగా సరిచూడాలి. బడి పేరు, గురువు పేరు, ఊరు, తోబుట్టువుల పేర్లు, ఈ నాలుగు దొరికితే కుటుంబం దొరికే అవకాశం ఎక్కువ. ఈ కేసులోనూ చెల్లెలు జెన్నిఫర్ ఆచూకీ దొరికి, ఆమె తిరిగి అన్న జీవితంలోకి వచ్చారు.

లోపెజ్ మొదటి కాలమ్ 2005 ఏప్రిల్‌లో అచ్చయింది. పాఠకులు వయొలిన్‌లు, ఒక చెల్లో (కూర్చుని వాయించే పెద్ద తీగ వాయిద్యం) పంపారు. అసలు కేసు ఇక్కడి నుంచే మొదలవుతుంది.

వాయిద్యం ఎక్కడ ఉండాలి?

స్కిడ్ రో అంటే డౌన్‌టౌన్ లాస్ ఏంజెలెస్‌లో యాభై బ్లాకుల దాకా ఉన్న ప్రాంతం, వేలమంది పేవ్‌మెంట్ల మీద పడుకునే చోటు. అక్కడ కొత్త చెల్లో చేతిలో పట్టుకుని పడుకోవడమంటే దెబ్బలు తిని దాన్ని పోగొట్టుకోవడానికి సిద్ధపడటమే. అలాగని పంపిన వాయిద్యాలను ఇవ్వకుండా దాచిపెట్టడమూ అన్యాయం. మానసిక వ్యాధి ఉన్న నిరాశ్రయుల కోసం స్కిడ్ రోలో 1985 నుంచి పనిచేస్తూ వచ్చిన ల్యాంప్ అనే సంస్థతో లోపెజ్ ఒక ఏర్పాటు చేసుకున్నారు: వాయిద్యాలు ఆయర్స్‌వే, కానీ ఉండేది ల్యాంప్‌లో. వాయించాలంటే అక్కడికి రావాలి.

ల్యాంప్‌ను ఎంచుకోవడం యాదృచ్ఛికం కాదు. అక్కడ గది కావాలంటే ముందు మందులు వేసుకోవాలనో, తాగుడు మానాలనో షరతు పెట్టేవారు కాదు. ఇల్లు ముందు, మిగిలినవి తర్వాత అనే ఈ పద్ధతిని "హౌసింగ్ ఫస్ట్" అంటారు, న్యూయార్క్‌లో 1992లో శామ్ సెంబెరిస్ మొదలుపెట్టిన కార్యక్రమంతో అది ప్రపంచానికి తెలిసింది. తర్వాత కెనడా అయిదు నగరాల్లో రెండు వేలమందికి పైగా నిరాశ్రయులతో పరీక్షించి చూసింది. ఇల్లు నిలబెట్టుకోవడంలో మామూలు సేవల కన్నా ఈ పద్ధతి బాగా పనిచేసిందని ఫలితం.

ఆయర్స్ వెంటనే రాలేదు. నాలుగు గోడల మధ్యకు రావడమంటే మళ్ళీ ఎవరి అదుపులోకో వెళ్ళడం అని ఆయన భయం. ఆసుపత్రుల అనుభవం ఉన్న మనిషికి అది అర్థంలేని భయం కాదు. చివరకు వచ్చారు, ఆవరణలో వాయించారు, మళ్ళీ రాత్రికి పేవ్‌మెంట్ మీదకే వెళ్ళారు. ఎలుకలను తరమడానికి పెట్టుకున్న కర్రలకు బీథోవెన్, బ్రామ్స్ అని సంగీతకర్తల పేర్లు పెట్టుకున్న మనిషి ఆయన. లోపెజ్ కూడా ఒక రాత్రి అక్కడే ఆయన పక్కన పడుకుని చూశారు.

షరతు వస్తువుకు ఉండవచ్చు, అనుబంధానికి ఉండకూడదు, అదే మా లెక్క. "చెల్లో ఇక్కడ ఉంటుంది" అనడం ఒకటి. "నువ్వు మందులు వేసుకుంటేనే నేను నిన్ను కలుస్తాను" అనడం పూర్తిగా వేరు. మొదటిది చెల్లోను కాపాడుతుంది, మనిషిని ఒక సురక్షితమైన చోటికి నడిపిస్తుంది. రెండోది ఆయనకు మిగిలిన ఒక్క మనిషినీ పందెంలో పెడుతుంది. అయితే మొదటిదానిలోనూ ఒత్తిడి లేకపోలేదు, అది ఎర అని ఎవరైనా అంటే కాదనలేం. దాన్ని నిజాయితీగా నడపాలంటే మూడు విషయాలు మాటల్లో కాకుండా రాతలో ఉండాలి: వాయిద్యం ఎవరి సొంతం, ఏ గంటల్లో అందుబాటులో ఉంటుంది, ఆయన బయటికి తీసుకెళ్తానంటే ఎవరు ఏమంటారు. సిబ్బంది షిఫ్టు మారినప్పుడు "నాకు తెలియదు, రేపు రండి" అన్న ఒక్క మాటతో నెలల నమ్మకం పోతుంది.

వాయిద్యం సంరక్షణ కూడా కేసు పనిలో భాగమే. తీగల సెట్లు రెండు అదనంగా ఉండాలి. ముందుగా తెగేది సన్నని తీగ కాబట్టి దాన్ని విడిగా నాలుగైదు కొని పెట్టుకోవాలి. గాలి పొడిగా ఉన్న రోజుల్లో తీగలు బిగించే బిరడలు జారిపోతాయి, వాటికి పూసే పేస్టు దగ్గరుంచుకోవాలి. కమాను వెంట్రుకలు వాడకాన్ని బట్టి ఆరు నెలల నుంచి ఏడాదికి మార్పించాలి, కమానుకు రుద్దే రోజిన్ లేకపోతే ధ్వనే రాదు. ఎండలో పెట్టిన వయొలిన్‌కు అతుకుల జిగురు విడిపోతుంది, ఇంట్లో దొరికే గమ్‌తో అతికిస్తే తర్వాత మరమ్మతు కష్టం. మన దగ్గర హార్మోనియం అయితే గాలితిత్తి చిల్లులు, సన్నాయి అయితే పీకలు, డోలు అయితే వానాకాలంలో మెత్తబడే చర్మం చూసుకోవాలి. పాడైన వాయిద్యంతో సంగీతకారుణ్ణి కూర్చోబెట్టి "వాయించండి" అనడం ఆయన్ను అవమానించడమే.

దాతల ఉత్సాహాన్నీ అదుపులో పెట్టాలి. ఆయర్స్‌కు ఒకదాని తర్వాత ఒకటి వాయిద్యాలు వచ్చి చేరాయి, ఆయన తీగ వాయిద్యాలతో ఆగక ట్రంపెట్ దాకా పట్టారు. ఆనందమే, కానీ చిన్న గదిలో పోగుపడే సామాను తర్వాత గొడవలకు దారి తీస్తుంది. ఒక్క ప్రధాన వాయిద్యం, ఒక్క అదనపుది, మిగిలినవి సంస్థ దగ్గర నమోదు చేసి ఉంచడం మంచిది.

కచేరీ హాలు, పాఠం, గది

లాస్ ఏంజెలెస్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రా వాయించే వాల్ట్ డిస్నీ కచేరీ హాలు స్కిడ్ రోకు కొద్ది దూరంలోనే ఉంది. తన బట్టలు, వాలకం చూసి మిగతా శ్రోతలు ఇబ్బంది పడతారని ఆయర్స్‌కు బెరుకు. అందుకని టిక్కెట్టు కొని కచేరీకి తీసుకెళ్ళకుండా, ఆర్కెస్ట్రా సిబ్బంది సాయంతో బీథోవెన్ మూడో సింఫనీ రిహార్సల్‌కు తీసుకెళ్ళారు. హాలు దాదాపు ఖాళీ, జనం లేరు, ఎప్పుడైనా లేచి వెళ్ళవచ్చు, సంగీతం మాత్రం అదే. ఈ ఎంపికలో ఉన్న తెలివిని మేం ఎంత మెచ్చుకున్నా తక్కువే. మనిషికి ఇష్టమైనది ఏమిటో చాలామంది కనిపెడతారు. దాన్ని ఆయన తట్టుకోగలిగిన పరిమాణంలో ఇవ్వడం కొద్దిమందికే తెలుసు.

తర్వాతి మెట్టు పాఠం. ఆర్కెస్ట్రాలో చెల్లో వాయించే పీటర్ స్నైడర్ నేర్పడానికి ముందుకొచ్చారు. ల్యాంప్ ఒక అపార్ట్‌మెంటు గది సిద్ధం చేసింది, పాఠం అక్కడే పెట్టారు. "ఈ గదిలో ఉండండి" అని అడిగితే కాదన్న మనిషి "ఈ గదిలో పాఠం" అంటే వచ్చారు. తలుపు తీసి లోపలికి రావడం, కూర్చోవడం, వాయించడం, వెళ్ళిపోవడం. గదికి అలవాటు పడ్డాక, పరిచయమై సుమారు ఏడాదికి, ఆయన అక్కడ రాత్రి పడుకోవడం మొదలైంది.

ఇలాంటి గది ఇచ్చిన మొదటి వారాల్లో ఏమేం జరుగుతాయో ముందే తెలిసి ఉంటే సిబ్బంది కంగారు పడరు. మంచం వదిలి నేల మీద పడుకుంటారు. రెండు రాత్రులు ఉండి మూడో రాత్రి పాత చోటికి వెళ్ళిపోతారు, అక్కడి తోటివారు, శబ్దాలు లేనిదే నిద్ర పట్టదు. తాళంచెవి పోతుంది, కాబట్టి మొదటి రోజే మూడు చేయించాలి. ట్రాలీ లోపలికి పట్టదు. అందులో ఉన్నది మనకు చెత్తలా కనిపించినా ఆయన ఆస్తి, ఆయన లేనప్పుడు పారేస్తే కేసు మళ్ళీ మొదటికి వస్తుంది. రాత్రి రెండింటికి సాధన మొదలైతే పక్కగది వాళ్ళు ఫిర్యాదు చేస్తారు. వయొలిన్, చెల్లోలలో తీగలను మోసే గుర్రం మీద పెట్టే రబ్బరు మ్యూట్ ధ్వనిని బాగా తగ్గిస్తుంది, దాంతోపాటు సాధన గంటలు గోడ మీద రాసి పెట్టుకోవాలి. ఖాళీగా ఉన్న రాత్రులు లెక్కపెట్టి గది వెనక్కి తీసుకోకూడదు. కనీసం మూడు నెలలు గది ఆయన పేరనే ఉంచాలన్నది మా అభిప్రాయం.

మందుల వివాదం

సైకియాట్రిస్టులను, కార్యకర్తలను లోపెజ్ అడిగితే ఒకరు చెప్పినది మరొకరు చెప్పలేదు. బలవంతంగానైనా చికిత్స చేయించమన్నవారు ఉన్నారు. లాంగ్ బీచ్‌లో పనిచేసిన సైకియాట్రిస్టు మార్క్ రేగిన్స్ లాంటివారు ముందు అనుబంధం నిలవాలని, అది నిలిస్తేనే మిగిలినవాటికి దారి ఉంటుందని అన్నారు. కాలిఫోర్నియాలో 1967 నాటి చట్టం ప్రకారం తనకో ఇతరులకో ప్రమాదంగా మారినప్పుడు, లేదా తిండి, బట్ట, నీడ కూడా చూసుకోలేని స్థితిలో ఉన్నప్పుడు 72 గంటలు పట్టి ఉంచవచ్చు. అవసరమైతే మరో 14 రోజులు పొడిగించవచ్చు. సొంతంగా బతుకు వెళ్ళదీస్తూ, సంగీతం వాయిస్తూ, ఎవరి జోలికీ పోని మనిషికి ఆ చట్టం తేలిగ్గా వర్తించదు.

సంగీతకారుడి విషయంలో మందులకు అదనపు కోణం ఒకటుంది. పాత తరం యాంటీసైకోటిక్ మందుల వల్ల కండరాలు బిగుసుకుపోవడం, చేతివణుకు, కుదురుగా కూర్చోలేకపోవడం, ఏళ్ళు గడిస్తే అదుపులేని కదలికలు రావచ్చు. తీగ మీద ఎడమచేతి వేళ్ళు, కమాను పట్టిన కుడి మణికట్టు, ఈ రెంటి మీదే ఆయన బతుకంతా ఉంది. "మందులు వద్దు" అన్నప్పుడు వ్యాధి గురించిన అవగాహన లేకపోవడం ఒక కారణం కావచ్చు, చేతిని కాపాడుకోవాలన్న తపన ఇంకో కారణం కావచ్చు. రెండూ ఒకే మనిషిలో ఉండవచ్చు కూడా. డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు వాయిద్యం తీసుకెళ్ళమని మేం సలహా ఇస్తాం. మందు మొదలుపెట్టే ముందు ఒక నిమిషం వాయించింది ఫోన్‌లో రికార్డు చేయాలి, ప్రతి రెండు వారాలకూ అదే భాగాన్ని మళ్ళీ రికార్డు చేయాలి. వణుకు మొదలైతే డాక్టరుకు చెవితోనే తెలుస్తుంది. మోతాదు తగ్గించాలా, మందు మార్చాలా అన్న చర్చ రోగి కళ్ళ ముందు, ఆయన్ను కలుపుకుని జరుగుతుంది.

ఎక్కడ బెడిసికొట్టింది

ఒక దశలో ఆయర్స్ లోపెజ్ మీద తీవ్రంగా విరుచుకుపడ్డారు. లోపెజ్ కొంత ఎడం పాటించి మళ్ళీ వచ్చారు, బంధం తెగలేదు. ఇలాంటి సమయంలో వాదనకు దిగకూడదు, తలుపుకు అడ్డంగా నిలబడకూడదు, ఒంటరిగా ఉండకూడదు. రెండు మూడు రోజుల తర్వాత అదే మామూలు సమయానికి మామూలు చోటికి వెళ్ళాలి. జరిగినదాన్ని ఆయన ఎత్తితేనే ఎత్తాలి. ఇద్దరూ ఒకరినొకరు "మిస్టర్ ఆయర్స్", "మిస్టర్ లోపెజ్" అని పిలుచుకునే అలవాటుకు వచ్చారు. తెలుగు నేల మీద వీధిలో ఉన్న మనిషిని "నువ్వు" అని పిలవడం షెల్టర్లలో కూడా మామూలైపోయింది. "గారు", "మీరు" అనేవి మొదటి రోజు నుంచీ ఉండాలి, సాయం చేసేవాడు వయసులో పెద్దయినా సరే.

మనసును ఎక్కువగా కలవరపెట్టేది ప్రచారం. కాలమ్‌లు 2008లో పుస్తకమయ్యాయి, 2009లో సినిమా వచ్చింది. ఆ ప్రచారమే వాయిద్యాలను, గురువులను, స్కిడ్ రో మీద నగర పాలకుల దృష్టిని తెచ్చింది. కానీ భ్రమలు వచ్చిపోయే మనిషి ఇచ్చే అనుమతి ఏ రోజుది నమ్మాలి? కుదురుగా ఉన్న రోజున అడగాలి, వారం ఆగి మళ్ళీ అడగాలి, కుటుంబంలో ఒకరి ముందు అడగాలి, ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చని చెప్పాలి. సోషల్ మీడియాలో "వీధి కళాకారుడి వీడియో" పెట్టేవారు ఈ నాలుగింటిలో ఒక్కటీ చేయరు.

డబ్బు కూడా ప్రమాదమే. అమెరికాలో వికలాంగులకు, వృద్ధులకు ప్రభుత్వం నెలనెలా ఇచ్చే ఎస్.ఎస్.ఐ. సాయానికి ఒంటరి వ్యక్తి ఆస్తి 2,000 డాలర్లు దాటకూడదు. విరాళాలు నేరుగా బ్యాంకు ఖాతాలో పడితే ఆ సాయం ఆగిపోతుంది, ఒక ట్రస్టు ద్వారానే నడపాలి. ఆయర్స్ చెల్లెలు మానసిక వ్యాధి ఉన్న కళాకారుల కోసం అన్న పేరున ఒక ఫౌండేషన్ పెట్టారు.

ఫలితం

2010 జులైలో అమెరికా వికలాంగుల హక్కుల చట్టానికి ఇరవై ఏళ్ళు నిండిన సందర్భంగా ఆయర్స్ వైట్‌హౌస్‌లో వాయించారు. ఆయనకు పాఠాలు చెప్పిన ఫిల్హార్మోనిక్ వయొలినిస్టుల్లో విజయ్ గుప్తా ఒకరు. ఆ పరిచయం ప్రేరణతో గుప్తా 2011లో స్ట్రీట్ సింఫనీ అనే సంస్థ స్థాపించి షెల్టర్లలో, జైళ్ళలో కచేరీలు మొదలుపెట్టారు, 2018లో మాకార్థర్ ఫెలోషిప్ అందుకున్నారు.

ఆయర్స్ వ్యాధి మాత్రం పోలేదు. తర్వాతి ఏళ్ళలో ఆసుపత్రులు, ఇష్టం లేని మందులు, ఆయన తరఫున నిర్ణయాలు తీసుకునే కన్సర్వేటర్లు, సంరక్షణ కేంద్రాలు అన్నీ వచ్చాయి. లోపెజ్ ఆయన్ను కలవడం మానలేదు. గదిలో ఉన్న ఏళ్ళు, దొరికిన చెల్లెలు, వాయించిన సంగీతం, ఇవి ఈ కేసులో దక్కినవి. వ్యాధి నయమైందా అన్న ఒక్క ప్రశ్నతో కొలిస్తే ఇవేవీ లెక్కలోకి రావు.

మన చట్టంలో స్నేహితుడు

లోపెజ్‌కు చట్టం దృష్టిలో ఏ స్థానమూ లేదు. మన దేశంలో 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆ స్థానం ఇచ్చింది. సెక్షన్ 14 ప్రకారం ఎవరైనా తమ తరఫున ఒక నామినేటెడ్ ప్రతినిధిని పెట్టుకోవచ్చు, వాళ్ళు రక్తసంబంధీకులే కానక్కర్లేదు. తెల్లకాగితం మీద రాసి, సంతకమో వేలిముద్రో వేస్తే చాలు. ఆ ప్రతినిధి మైనరు కాకూడదు, ఒప్పుకుంటున్నట్టు తానూ రాసివ్వాలి. ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ఎవరూ లేనివారి విషయంలో ఈ రంగంలో పనిచేసే రిజిస్టర్డ్ సంస్థ ప్రతినిధిని తాత్కాలికంగా తీసుకునే వీలుంది.

సెక్షన్ 100 ప్రకారం వీధిలో తిరుగుతూ తనను తాను చూసుకోలేని స్థితిలో ఉన్న వ్యక్తిని పోలీసులు రక్షణలోకి తీసుకోవాలి, లాకప్‌లో పెట్టకూడదు, 24 గంటల్లోగా దగ్గరలోని ప్రభుత్వ వైద్య కేంద్రానికి చేర్చాలి. కుటుంబం లేదన్న కారణంతో మానసిక ఆసుపత్రిలోనే ఉంచేయడం కుదరదని సెక్షన్ 19 చెబుతుంది. సలహాకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. ఆధార్ లేనివారికి ముందు అది నమోదు చేయించాలి. అది లేకుండా వికలాంగుల కార్డు, పింఛను ఏదీ ముందుకు కదలదు.

ఒక చిక్కు మాత్రం ఉంది. సెక్షన్ 89 కింద రోగి ఇష్టం లేకుండా 30 రోజుల వరకు ఆసుపత్రిలో చేర్చడానికి దరఖాస్తు పెట్టేది ఆ నామినేటెడ్ ప్రతినిధే. అంటే వారం వారం టీ తాగుతూ రాగాల గురించి మాట్లాడే స్నేహితుడే ఒకరోజు ఆ కాగితం మీద సంతకం చేయాల్సి రావచ్చు. సాధ్యమైన చోట ప్రతినిధిగా వేరొకరిని, షెల్టర్ సోషల్ వర్కర్‌నో బంధువునో పెట్టించి, స్నేహితుణ్ణి ఆ పనికి దూరంగా ఉంచమని మేం సూచిస్తాం. వేరే ఎవరూ లేకపోతే, మనిషి కుదురుగా ఉన్నప్పుడే సెక్షన్ 5 కింద ముందస్తు ఆదేశం రాయించాలి: ఏ లక్షణాలు కనిపిస్తే ఆసుపత్రి, ఏ మందు వద్దు, ఆ రోజుల్లో వాయిద్యం ఎవరి దగ్గర ఉండాలి. దాన్ని మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డులో నమోదు చేయించి, ఒక ప్రతి షెల్టర్‌లో, ఒకటి డాక్టరు దగ్గర, ఒకటి వాయిద్యం పెట్టెలో ఉంచాలి.